పరభాషలకు తెలుగే త్రోవ

పరభాషను నేర్చుట దోషము కాదు, నేర్వకుండుటయే కొఱత. దేశదేశములతో వ్యవహరింపవలసిన ఈ కాలమున ఒక్క భాషతో తృప్తి నొందుదుమనుట కూపస్థమండూక న్యాయము. ఈ విషయమున మాకు సందేహము లేదు. మా విచారమెల్ల నేర్పు విధమును గూర్చినదే. మన యున్నత పాఠశాలలలో పరభాషను ఎవరు నేర్పుచున్నారు? ఏ భాష ద్వారమున నేర్పుచున్నారు? ఏ ప్రయోజనమునకై నేర్పుచున్నారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనకయే ప్రణాళికలు పుట్టుచున్నవి, గిట్టుచున్నవి.

2020 నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక దశలో కొరియా, జపాను, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, పోర్చుగీసు, రష్యను భాషలను నేర్పవచ్చునని చెప్పినది. జాబితా విశాలముగానే యున్నది. కాని జాబితా పాఠము చెప్పదు, చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుని సిద్ధపఱుపక భాషను ప్రకటించుట, విత్తనము లేకయే దుక్కి దున్నుట వంటిది.

నిర్ణయము లెంత చంచలములో 2014లో కేంద్రీయ విద్యాలయములందు చూచితిమి. 2011లో కుదిరిన యొడంబడిక ననుసరించి అచ్చట ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు జర్మను భాష మూడవ భాషగా నేర్పబడుచుండెను. 2014 నవంబరులో, విద్యాసంవత్సరము సగమునకు పైగా గడచిన పిదప, దానిని తీసి సంస్కృతమును నేర్వుడనిరి. వ్యవహారము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. ఆ యేటికి సంస్కృతమున పరీక్ష యుండదని ప్రభుత్వము చెప్పవలసివచ్చెను. సంస్కృతము మనకు పూజ్యము, జర్మను ప్రయోజనకరము. ఏది మేలను తగవు పెద్దలది. నడుమ నలిగినవారు పిల్లలు.

ఇక ఇంగ్లీషు సంగతి. శాసనములు దాని నే పేరిట పిలిచినను, పల్లెబిడ్డకు అది ఇంట వినబడని భాష. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఒకటవ తరగతి నుండి ఆఱవ తరగతి వఱకు ఇంగ్లీషునే బోధనభాషగా చేయుటకు 2019 నవంబరులో ఉత్తరువిచ్చెను. 2020 ఏప్రిల్ 15వ తేదీన హైకోర్టు దానిని కొట్టివేసెను. పిమ్మట వెలువడిన పాఠ్యపుస్తకములలో ఒక పుట ఇంగ్లీషున, ఎదుటి పుట తెలుగున అచ్చైనవి. తెలంగాణమునందును ఇట్టి పుస్తకములు వచ్చినవి. ఆ యెదుటి పుట సామాన్యమైనది కాదు. పిల్లవానికి అర్థము తెలుగుననే పుట్టునని ప్రభుత్వములే వ్రాసియిచ్చిన సాక్ష్యపత్ర మది.

భాషను నేర్పుట వేఱు. భాషతో నేర్పుట వేఱు. ఈ భేదమును మఱచుటయే మన యనర్థములకు మూలము. లెక్కల గంటలో లెక్క రావలయును. ఇంగ్లీషు గంటలో ఇంగ్లీషు రావలయును. ప్రశ్నలోని మాట తెలియక వడ్డీలెక్క తప్పిన బాలుడు లెక్కకు దూరమగును. ఇంగ్లీషునకును చేరువ కాడు. రెంటికి చెడ్డ రేవడి యగును.

ఇంగ్లీషు లేనిదే ఉద్యోగము లేదుగదా యని తల్లిదండ్రు లందురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. కూలిచేసి కూడబెట్టి బిడ్డకు రుసుము కట్టు తండ్రి మోజుచేత ఇంగ్లీషును కోరుటలేదు. కచేరీలలో, న్యాయస్థానములలో, వైద్యాలయములలో ఆ భాష రాక తాను పడిన యవమానమును బిడ్డ పడరాదని కోరుచున్నాడు. ఆయన కోరిక న్యాయము. ఆయనకు చూపబడిన త్రోవ యన్యాయము. కలవారి బిడ్డకు ఇంట పుస్తకము లుండును, ఆ భాష మాటలాడు పెద్ద లుందురు. బడి నేర్పకున్నను ఇల్లు నేర్పును. పేదబిడ్డకు బడి యొక్కటే దిక్కు.

ఇంగ్లీషువారు మన భాషను ఎట్లు నేర్చిరో గమనింపుడు. 1812లో వారు మద్రాసున ఫోర్టు సెంటు జార్జి కళాశాలను స్థాపించి కుంపిణీ యుద్యోగులకు దేశభాషలను నేర్పించిరి. 1816లో కాంబెలు దొర తెలుగు వ్యాకరణమును అచ్చువేయించెను. దానిని వ్రాసినది ఇంగ్లీషున. 1817లో మద్రాసు చేరిన బ్రౌను దొర ఆ కళాశాలలోనే తెలుగున ఓనమాలు దిద్ది, తుదకు మనకే నిఘంటువు నిచ్చెను. తమ భాషను ఊతగా గొని వారు మన భాషను సాధించిరి. ఏలికలకు సులభమైన మార్గము మన బిడ్డలకు నిషిద్ధ మెట్లయినది? ఇంగ్లీషు గంటలో తెలుగు మాట పలికిన బాలుని శిక్షించు బడులు నేటికిని కలవు.

తెలుగున క్రియ వాక్యాంతమున నిలుచును. ఇంగ్లీషున కర్తను వెన్నంటి వచ్చును. మన విభక్తులు నామమునకు పిమ్మట చేరును. వారివి ముందు నడచును. ఈ భేదమును తెలుగున విప్పి చెప్పినచో ఎన్నో తప్పులు మొదలంట తొలగును. జపాను, కొరియా భాషలను చూడుడు. వానిలోను క్రియ తుదనే వచ్చును. విభక్తులవంటి ప్రత్యయములు నామము వెనుకనే చేరును. ‘నేను బడికి పోవుదును’ అను వాక్యపు వరుసయే జపాను భాషకును సరిపోవును. ఇంత పోలిక యుండగా, తెలుగు బాలుడు ఆ వాక్యమును మొదట ఇంగ్లీషు వరుసకు తలక్రిందులు చేసి, అందుండి జపాను వరుసకు మరల తలక్రిందులు చేయవలసివచ్చుచున్నది. ఏలయన, చేతికందు వాచకములలో పెక్కు ఇంగ్లీషున వ్రాయబడినవే. పొరుగూరికి సముద్రము చుట్టి పోవుట యన నిదియే.

కావున మేము కోరునవి మూడు. ఉపాధ్యాయుడు సిద్ధమైన పిమ్మటనే భాషను ప్రవేశపెట్టవలయును; చేరిన పిల్లలు ముగించువఱకు దానిని తీయరాదు. జపాను, జర్మను మొదలగు భాషలకు వాచకములు, వ్యాకరణములు, చిన్న నిఘంటువులు తెలుగున వెలువడవలయును. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా పుట్టి, నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై హైదరాబాదున వెలయుచున్న సంస్థ మన నడుమ నుండగా, ఈ పని యసాధ్యము కాదు. మూడవది, వ్రాతపరీక్షతో తృప్తినొందక, విని గ్రహించుట, చదివి తెలియుట, తడబడక మాటలాడుటయే గుఱిగా నుంచుకొనవలయును. జర్మనీకిని జపానుకును ఉద్యోగములకై వెడలు మన యువజనులకు అక్కఱకు వచ్చునది ఈ శక్తియే, మార్కుల పట్టిక గాదు.

ఈ కోర్కెలు పాఠశాల యాజమాన్య సంఘములనుండి, తల్లిదండ్రుల నోటినుండి రావలయును. మన బడిలో ఏ భాష నేర్పుదురని మాత్రమే యడిగి ఊరకుండకుడు. ఎవరు నేర్పుదురు, ఎట్లు నేర్పుదురని యడుగుడు. సమాధానము వచ్చువఱకు విడువకుడు.