ఆమెకు తోడు పలికేదెవరు?

ర్యాంకుల జాబితా వెలువడిన రోజున విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో రిజర్వేషన్లపై వెకిలి పరిహాసాలు మొదలవుతాయి. నవ్వుబొమ్మలు వరుస కడతాయి. ఒక దళిత విద్యార్థిని 'ఇది తప్పు' అంటే, 'ఇక్కడికి కులం తేవద్దు' అన్న మందలింపు ఆమెకే! కులాన్ని తెచ్చినదెవరో అడ్మిన్‌కు తెలియదా?

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. వివక్ష నివారణకు యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. అయితే అవి గాయం తగిలాక ఎక్కవలసిన గడపలు. అంతకుముందే దూషణను తొలగించి, తొలగించిన కారణాన్ని అందరి ఎదుటా చెప్పడం అడ్మిన్ చేతిలోని పని. మౌనంగా చదివేవారే ఏ గ్రూపులోనైనా అధికులు. దూషకుని ధైర్యమంతా ఆ మౌనమే. రిజర్వేషన్ వర్తించని విద్యార్థి ఒకరు 'ఆమె చెప్పినది న్యాయం' అని రాసి, మరో నలుగురు దాన్ని బలపరిస్తే, మరుసటి ఏడాది ర్యాంకుల రోజున కూడా ఆమె ఆ గ్రూపులోనే ఉంటుంది.