సగం పూట ఉద్యోగం

నలుగురి ముందు నోరు విప్పలేని ఒక విద్యార్థిని మేము ఒకప్పుడు బలవంతంగా వేదిక ఎక్కించాము. భయం పోతుందనుకున్నాము. మరునాటి నుండి అతను పాఠానికే రాలేదు. ఆ తప్పు మాదే.

మొన్న అస్ర్ నమాజు తరువాత ఒక తల్లి వచ్చి తన కుమారుని సంగతి చెప్పినప్పుడు అది గుర్తుకువచ్చింది. డిగ్రీ చదివిన ఆ అబ్బాయికి కొత్తవారితో మాట్లాడాలంటే చెమటలు పడతాయి. సామాజిక ఆందోళన అని వైద్యుడు చెప్పారు, మందులు వాడుతున్నాడు. ఇప్పుడు రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి దుకాణంలో రోజంతా కౌంటరు పని; జీతం ఎక్కువే, బీమా లేదు. రెండవది ఒక సంస్థలో నాలుగు గంటల లెక్కల పని. జీతం తక్కువ, ఈఎస్‌ఐ ఉంది. “సగం పూట పనివానికి పిల్లనెవరిస్తారు?” అని బంధువుల ఎత్తిపొడుపు.

రెండవదే మేలని మేము చెప్పాము. ఈఎస్‌ఐ పరిధిలోని సంస్థలో నెలకు 21,000 రూపాయలకు మించని వేతనం గల పార్ట్‌టైమ్ ఉద్యోగికి కూడా ఆ హక్కు ఉంది. వేతనంలో అతని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. చేరే ముందు బీమా సంఖ్య గురించి అడగాలి. నోటితో అడగలేకపోతే కాగితంపై రాసి ఇవ్వవచ్చు.

ఇటువంటి బిడ్డలున్న ఇతర కుటుంబాలు 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

హలాల్ సంపాదనను గంటలతో కొలవరాదు. బిడ్డను వేదిక ఎక్కించే తొందర మాని, అతను ఎక్కగలిగిన మొదటి మెట్టు దగ్గర తోడుగా నిలబడదాము.