అంగట్లో గుట్టు

రహస్యం, గుట్టు అనే మాటలకు నిఘంటువులు దాదాపు ఒకే అర్థాన్ని చెబుతాయి. వాడుకలో మాత్రం వాటి నడుమ సన్నని గీత ఉంది. రహస్యం వెనుక దాచవలసిన తప్పు ఉండవచ్చు. గుట్టు వెనుక అది ఉండనక్కరలేదు. గుట్టుగా కాపురం చేసుకుంటున్న కుటుంబం అంటే పరువుగా బ్రతుకుతున్న కుటుంబమని తెలుగువారి భావన. ఆ ఇంటికి ఎంత అప్పున్నదో, ఎవరు ఏ మందు వాడుతున్నారో వీధికి తెలియవలసిన పనిలేదు. “తప్పు చేయనివారికి భయమెందుకు?” అని వాదించేవారు ఈ భేదాన్ని గమనించరు.

నేడు పెద్ద దుకాణంలో ఒక జత చెప్పులు కొన్నా, బిల్లు వేసేవారు ముందుగా ఫోన్ నంబరు అడుగుతారు. రొక్కమిచ్చి వెళ్లిపోయేవారి నంబరుతో దుకాణానికి పనేమి? నంబరు నమోదు చేయనిదే కంప్యూటరు ముందుకు సాగదని జవాబు వస్తుంది. వెనుక వరుసలో నిలిచినవారు విసుక్కుంటారు. కొనుగోలుదారు మొగమాటపడి పది అంకెలూ బిగ్గరగా చెబుతాడు. కంప్యూటరును ఆ విధంగా అమర్చినవారు మనుషులేనన్న సంగతి ఆ తొందరలో ఎవరికీ తోచదు. నంబరు ఇవ్వనిదే వస్తువు అమ్మబోమని పట్టుపట్టడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వర్తకులకు తెలియజేసింది. బల్లకు అటున్నవారిలోనూ ఇటున్నవారిలోనూ ఆ విషయం ఎరిగినవారు అరుదు.

ఇంటిగుట్టు లంకకు చేటని సామెత. గుట్టు విప్పేవాడు ఇంటివాడే అయినప్పుడు కోట గోడలు కాపాడలేవు. నేడు ఆ ఇంటివాడు జేబులోనే ఉంటున్నాడు. కొత్త యాప్‌ను ఫోన్‌లో చేర్చుకోగానే అది అనుమతులు కోరుతుంది. అందులో పరిచయస్థుల నంబర్ల పట్టిక ఒకటి. ఫోన్ యజమాని ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక్కసారి నొక్కితే అతని మేనత్త నంబరు, గురువు నంబరు, ఎన్నడో మంచం కొన్న వడ్రంగి నంబరు కూడా పరుల పాలవుతాయి. ఆ మేనత్తను అడిగినవారెవరు?

ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో 2020లో తెలుగు రాష్ట్రాలు కళ్లారా చూశాయి. కరోనా వల్ల పనులు పోయిన రోజులలో, నిమిషాల మీద అప్పు ఇస్తామంటూ కొన్ని యాప్‌లు ముందుకు వచ్చాయి. అప్పు కొద్దివేలే, వడ్డీ ఘోరం, గడువు స్వల్పం. గడువు దాటిన మరుక్షణం నుండి వసూలుదారులు ఆ పట్టికలోని బంధుమిత్రులకు ఫోన్లు చేసి, అప్పు తీసుకున్నవారిని మోసగాళ్లని నిందించారు. వారి ఛాయాచిత్రాలను వికృతంగా మార్చి పంపారు. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు విడిచారు. ఆ డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు జరిపి పలువురిని అరెస్టు చేశారు. అప్పిచ్చే యాప్‌లు పరిచయస్థుల పట్టిక జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిర్దేశించింది. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ అభాగ్యులను వేధించడానికి వాడిన ఆయుధం వారి ఆప్తుల పేర్లే.

చదవకుండా అంగీకరించడం వారి పొరపాటే కదా అని అనేవారున్నారు. పుటల కొద్దీ ఇంగ్లీషు న్యాయపరిభాష, చివర ఒక మీట. నొక్కకపోతే పని జరగదు. దీనిని అంగీకారమనడం భాషకు అపచారం. ప్రశ్నించవలసింది నొక్కినవారిని కాదు, అడిగినవారిని.

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణంలో అంతర్భాగమైన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ నిర్ణయంగా ప్రకటించింది. ఆ వ్యాజ్యం వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. అప్పటికే ఆయన ఎనభై దాటినవారు. ఆ తీర్పు వెలువడిన ఆరేళ్లకు, 2023లో, వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దానికి నియమాలు 2025 నవంబరులో గాని వెలువడలేదు. అందులోనూ ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచారానికి తగిన రక్షణ కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వర్తకుల పట్ల ఇంత కఠినంగా ఉన్న చట్టం, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే అధికారాన్ని మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచింది. ఇది చిన్న లోపం కాదు.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఈ చట్టంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. 18 ఏళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి అవసరమని, వారి ప్రవర్తనపై నిఘా పెట్టి ప్రకటనలు గురిపెట్టరాదని అది చెబుతోంది. పదవ తరగతి ఫలితాల వేళ పేరూ ఊరూ ఎరుగని కళాశాలల నుండి తల్లిదండ్రులకు వచ్చే ఫోన్లు అందరికీ అనుభవమే. ఆ నంబరు ఎక్కడిదని అడిగితే అవతలివారు మాట మార్చేస్తారు. ఆ ప్రశ్న అడగడం ఇకపై మర్యాద తప్పడం అనిపించుకోరాదు.

సమ్మతి కోరే ప్రకటనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలుండాలని కూడా ఆ చట్టంలో ఉంది. వాటిలో తెలుగు ఒకటి. అయితే ఆ తెలుగు ఎవరు వ్రాస్తారన్నది చూడాలి. కొరుకుడుపడని అనువాదం ఇంగ్లీషు కన్నా మేలేమీ కాదు. ‘మీ ఫోన్‌లోని పేర్లన్నీ మేము చదువుతాము’ అని చెప్పడానికి తెలుగులో ఐదు మాటలు చాలు.