మళ్లీ మొదలుపెట్టే హక్కు

ఈ సంచిక మీ చేతికి మూడు వారాలు ఆలస్యంగా వస్తోంది. కారణం దాచనక్కరలేదు. సంపాదక బృందంలో ముగ్గురం వరసగా మంచం పట్టాం. ఒకరికి డెంగీ, ఒకరికి గర్భసంచి ఆపరేషన్, నాకు మోకాలు. కోలుకుని మళ్లీ సంచిక పని మీద కూర్చున్నప్పుడు మాటల్లో ఒక సంగతి బయటపడింది. జబ్బు పడకముందు ముగ్గురం ఏదో ఒక వ్యాయామం చేస్తున్నవాళ్లమే. ఒకరు పొద్దున్నే నడిచేవారు, ఒకరు యోగాసనాలు వేసేవారు, నేను సైకిల్ తొక్కేదాన్ని. జబ్బు తగ్గాక వంట మొదలైంది. పిల్లల టిఫిన్ బాక్సులు మొదలయ్యాయి. ఆఫీసు, మీటింగులు, ఊళ్లు తిరగడం అన్నీ మొదలయ్యాయి. మొదలవనిది అదొక్కటే.

ఎందుకని? "మనకి పట్టుదల లేదు" అన్నది ముగ్గురం చెప్పుకున్న మొదటి జవాబు. కలెక్టరాఫీసు ముందు మూడు రోజులు ఎండలో కూర్చున్నవాళ్లం, ఎఫ్‌ఐఆర్ రాసేదాకా అర్ధరాత్రి వరకూ పోలీసు స్టేషన్‌లోంచి కదలనివాళ్లం మాకు పట్టుదల లేదనుకుంటున్నామంటే ఎక్కడో తేడా ఉంది. ఆ తేడా ఏమిటో వెదకడానికే ఈ సంపాదకీయం.

నా సంగతే చెబుతాను. రెండేళ్ల క్రితం రక్తపరీక్షలో షుగర్ వచ్చే సూచనలున్నాయని తేలింది. రోజూ కాస్త ఒళ్లు వంచమన్నారు డాక్టరు. పొద్దున అయిదుంపావు నుంచి నలభై నిమిషాలు సైకిల్ తొక్కడం అలవాటు చేసుకున్నాను. ఏడాదిన్నర సాగింది. తరవాత బస్సు మెట్టు మీంచి జారి మోకాలు దెబ్బతింది. రెండు నెలలు సైకిల్ ముట్టుకోలేదు. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో నాకు తరవాతగానీ తెలియలేదు. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా" అని పొద్దుటి కుళాయి నీళ్లు పట్టడం నా వంతయింది. అబ్బాయి ట్యూషన్ ఆరు గంటలకి మారింది. అత్తయ్య మందుల వేళ ముందుకు జరిగింది. మోకాలు బాగయ్యేసరికి నా నలభై నిమిషాలు లేవు. ఎవరూ పగబట్టి తీసుకోలేదు. ఖాళీగా కనబడింది, నింపేశారు. అంతే.

పొలం గట్టు ఏటా జానెడు జరిపితే మనం పంచాయితీ పెట్టిస్తాం. మన రోజులోంచి గంట జరిగిపోతే మాత్రం మన బద్ధకం అనుకుంటాం.

ఇది మా ముగ్గురి ఇళ్ల కథే కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో మన వాటా పది నిమిషాలు తగ్గింది, వాళ్లది తొమ్మిది తగ్గింది. మరోవైపు 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, 2022 నాటికి మన దేశంలో ఆరోగ్యానికి చాలినంత శారీరక శ్రమ లేని స్త్రీలు 57 శాతమని, పురుషులు 42 శాతమని అంచనా వేసింది. రోజంతా కాలు నిలవకుండా తిరిగే మనిషికి ఒంటికి కావలసిన కదలిక లేదన్నమాట! ఇంటిపని శ్రమ కాదని కాదు. అది ఆగి ఆగి చేసే పని, ఒకే వైపు వంగి చేసే పని. ఇతరుల అవసరాల్ని బట్టి సాగే పని. గుండెకి, కండరాలకి కావలసింది అందులో అన్నిసార్లూ దొరకదు.

ఇక్కడొక మాట స్పష్టం చేయాలి. వ్యాయామం అందరికీ ఒకే మందు కాదు. నాట్ల కాలంలో పొద్దంతా బురదలో వంగి ఉండే కూలీ తల్లి దగ్గరికి వెళ్లి "రోజూ నడవమ్మా" అంటే నవ్వుతుంది. నవ్వాలి కూడా. ఆమెకు కావలసింది నడుం వాల్చే గంట, కడుపునిండా తిండి. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆమెకు మెడ, భుజాలు సాగదీసుకునే పది నిమిషాలు కావాలి. కుర్చీలో కూర్చుని రిపోర్టులు రాసే మనలాంటివాళ్లకు నడక కావాలి. అవసరాలు వేరు. కానీ ముగ్గురికీ కావలసింది ఒకటుంది – ఎవరూ లాక్కోని కొంత సమయం.

ఇక మన జబ్బులు. ఇవి ఆకాశంలోంచి ఊడిపడవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రెండు వీధులు నడవగానే ఆయాసపడే స్త్రీని "ఓపిక లేదు" అంటాం. ఆమెకి లేనిది ఓపిక కాదు, రక్తం. అదే సర్వేలో ఆ వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 3.3 శాతం కాగా, మన రెండు రాష్ట్రాల్లోనూ 8 శాతం దాటారు. అనవసర ఆపరేషన్ల కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో స్వీకరించాలని రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అంటే ఆపరేషన్ అయినామెకే నడక, కండరాల వ్యాయామం మరింత అవసరం. మా మిత్రురాలికి డాక్టరు "ఆరు వారాలు బిందె ఎత్తొద్దు" అన్నారు. ఆ ఆరు వారాలూ బిందె ఎవరెత్తాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కాబట్టి జబ్బు తరవాత మళ్లీ మొదలుపెట్టడాన్ని మనం హక్కుగా చూడాలి. హక్కుల్ని దశలవారీగా సాధించుకోవడం మనకి కొత్త కాదు.

ముందు శరీరం సంగతి. రక్తపరీక్ష చేయించుకుందాం. గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ముందు దానికి వైద్యం. ఆపరేషనో కాన్పో అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుని అడిగే మొదలుపెడదాం. జబ్బుకి ముందు ఎంత చేసేవాళ్లమో మొదటిరోజే అంతా చేయాలని పంతం వద్దు. వీధి చివరిదాకా వెళ్లి రావడం చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి. పాట పాడలేనంత ఊపిరి తీస్తుంటే ఆ వేగం సరిపోతుంది. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, జ్వరం మళ్లీ రావడం ఉంటే ఆగి వైద్యం చేయించుకోవాలి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును అప్పుడే తీసేసింది. అంటే అన్నం ఉడికేలోగా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా లెక్కలోకి వస్తుంది. పిల్లల జ్వరాలు, పరీక్షలు, మన కడుపునొప్పులు వస్తూనే ఉంటాయి. నాగాలు లెక్కపెట్టుకుని కుమిలిపోవద్దు. ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టామో లెక్కపెట్టుకుందాం.

తరవాత ఇల్లు. జబ్బులో ఉన్నప్పుడు మన మీదికి వచ్చి చేరిన పనుల్ని జబ్బు తగ్గగానే పేరుపేరునా తిరిగి అప్పజెప్పాలి. అడగడానికి మొహమాటపడతాం. మొహమాటపడినంతకాలం ఆ పని మనదే.

ఆపైన సంస్థలు. పరుల ఆరోగ్యం కోసం శిబిరాలు పెట్టే సంస్థల్లో కార్యకర్తల ఆరోగ్యం ఎవరి పని? త్యాగం పేరుతో మన ఒళ్లు మనమే గుల్ల చేసుకోవడం ఉద్యమానికి మేలు చేయదు. మా సంస్థ ఈ నెల మూడు నిర్ణయాలు చేసింది. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరవాత మీటింగులుండవు. జబ్బుచేసి తిరిగి వచ్చినవాళ్లను మొదటి నెల ఊళ్ల పర్యటనకు పంపరు, జీతం కోయరు. ఆఫీసుకు వచ్చిన పిల్లల్ని చూసుకోవడం వంతులవారీ పని, ఆ వంతు మగ ఉద్యోగులకీ ఉంటుంది. 50 మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. మనవి చిన్న సంస్థలు. చట్టం అడగదని మనం ఊరుకోవాలా?

చివరిగా వీధి. డబ్బు కట్టి జిమ్ముకి వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లకి వీధిదీపం కావాలి, పక్కన వెకిలి మాటలు లేని దారి కావాలి. బడి మైదానాలు ఉదయం, సాయంత్రం స్త్రీలకు తెరిచి ఉంచాలని పంచాయతీని, మున్సిపాలిటీని అడగడం మన కార్యక్రమాల్లో చేరాలి.

ఇక మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు నీళ్లు పట్టడం నా భర్త వంతయింది. మొదటి వారం రెండుసార్లు ఆయన నిద్ర లేవలేదు, బిందెలు నిండలేదు. నేను సైకిల్ ఆపి వెనక్కి రాలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు ఇబ్బంది పడింది. మూడోసారి ఆయనే లేచారు. ఇది రాస్తున్న నాటికి నా సైకిల్ పదకొండు నిమిషాల దాకా వచ్చింది. నలభైకి ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఈలోగా మళ్లీ ఏ జ్వరమైనా రావచ్చు. వస్తే ఆగుతాను. కానీ ఈసారి నా గంట చుట్టూ గట్టు వేసే ఆగుతాను.

మీ గంట ఎక్కడ పోయింది? దాన్ని ఎలా తిరిగి తెచ్చుకున్నారు? రాయండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు మీ ఉత్తరాల కోసం ఉంచుతున్నాం.