చూచి రాదగినవి: బోస్టన్‌లో ఫెన్‌వే పార్కు

మన సంఘం కుటుంబాల్లో అమెరికాలో కొడుకో కూతురో ఉన్నవారు ఈ రోజుల్లో తక్కువేమీ కాదు. వేసవిలో అక్కడికి వెళ్ళిన పెద్దలను పిల్లలు తప్పక తీసుకుపోయే చోట్లలో బేస్‌బాల్ మైదానం ఒకటి. తిరిగి వచ్చిన తరువాత ఆట ఎట్లా ఉందని అడిగితే, “ఏముంది నాయనా, మూడు గంటలు కూర్చున్నాం. అందరూ లేస్తే మేమూ లేచాం, అందరూ చప్పట్లు కొడితే మేమూ కొట్టాం” అంటారు. అంత డబ్బు పోసి టిక్కెట్లు కొన్న పిల్లల ముఖాలు చిన్నబోవా మరి! అందుచేత ఈ నెల బోస్టన్ నగరంలోని ఫెన్‌వే పార్కును గురించి చెప్పుకుందాం. ఇది రెడ్ సాక్స్ అనే జట్టువారి సొంత మైదానం. గుమాస్తా జీతంలో బోస్టన్ ప్రయాణం నాకు కుదిరేది కాదు గాని, ఒక విషయానికి సంబంధించిన కాగితాలన్నీ వరుసగా పేర్చి చూడడం నా వృత్తే కదా. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో. జట్టుకు తొమ్మండుగురు. క్రికెట్‌లో మాదిరిగా నడిమధ్యన కాక, మైదానం ఒక మూలన నిలబడి కొడతారు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి, నేల తాకకుండా, బంతి వస్తుంది. కొట్టినవాడు 90 అడుగులకు ఒకటిగా ఉన్న మూడు బేసులను చుట్టి, బయలుదేరిన చోటికి క్షేమంగా వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే అవతలివారి వంతు. ఇట్లా తొమ్మిది ఇన్నింగ్సులు. సమంగా నిలిస్తే ఇంకా ఆడతారు. కొట్టిన బంతి రెండు పసుపు స్తంభాల నడుమగా ప్రహరీ దాటిపోతే హోం రన్, మన సిక్సరు వంటిది. ప్రేక్షకుల్లో పడిన బంతిని తిరిగి ఇవ్వనక్కరలేదు. పట్టుకున్నవారిదే. మనుమడికి ఈ మాట ముందుగా చెప్పకండి, ఆట మానేసి బంతి కోసమే చూస్తూ కూర్చుంటాడు.

ఇక మైదానం. 1912 ఏప్రిల్ 20న ఇక్కడ మొదటి లీగు పోటీ జరిగింది. టైటానిక్ ఓడ మునిగి అప్పటికి ఐదు రోజులు. ఆనాడు బోస్టన్‌వారు న్యూయార్కువారిని పదకొండు ఇన్నింగ్సుల్లో 7–6గా గెలిచారు. అమెరికాలోని పెద్ద లీగు మైదానాల్లో నేటికీ వాడుకలో ఉన్న వాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. అదే రోజున డెట్రాయిట్‌లోనూ ఒక మైదానం తెరిచారు. అందులో 1999లో ఆటలు ఆగిపోయాయి. తరువాత దానిని కూలగొట్టారు. ఫెన్‌వే నిలిచింది.

‘ఫెన్’ అంటే చిత్తడినేల. ఆ పేటకు ఆ పేరు, పేటను బట్టి మైదానానికి ఈ పేరు. చుట్టూ వీధులు ముందే ఉన్నందువల్ల, ఉన్న స్థలంలోనే సర్దుకుని కట్టారు. వంకర స్థలంలో ఇల్లు కట్టిన మేస్త్రీకి ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. కుడివైపు ఒక లెక్క, ఎడమవైపు ఒక లెక్క. ఎడమ గీత చివర ప్రహరీకి దూరం 310 అడుగులే. నడుమన ఒక మూల 420 అడుగులు. ఎడమవైపు వెనుకనే లాన్స్‌డౌన్ వీధి ఉంది కాబట్టి దూరం పెంచడానికి వీలు లేదు. దూరం పెరగని చోట ఎత్తు పెంచారు. ఆ గోడ ఎత్తు 37 అడుగుల 2 అంగుళాలు, అనగా మూడంతస్తుల మేడంత. ఇప్పుడు దానిని ‘గ్రీన్ మాన్‌స్టర్’, పచ్చ రాక్షసి అని పిలుస్తారు. అయితే 1947 దాకా ఆ గోడకు పచ్చరంగు లేదు, ప్రకటనలే. మనం స్నానాల గదిలో ఎరిగిన లైఫ్‌బాయ్ సబ్బు ప్రకటన కూడా ఒకప్పుడు దాని మీద ఉండేది.

ఈ గోడ చేసే చిత్రం చూడండి. ఇంకొక మైదానంలో సులువుగా చేతికి చిక్కే బంతి ఇక్కడ గోడకు తగిలి బతికిపోతుంది. ఇంకొక చోట సూటిగా వెళ్ళి హోం రన్ కావలసిన బంతి ఇక్కడ గోడకు కొట్టుకుని వెనక్కు వస్తుంది. ఎడమవైపు కాపలా కాసేవాడు బంతి గోడకు తగిలి ఎటు తిరుగుతుందో నేర్చుకోవాలి. పెద్దలు గమనించవలసిన మొదటి విషయం ఇదే. బంతి అటు లేవగానే కొట్టినవాడిని చూడకండి, గోడను చూడండి.

గోడ అడుగున 1934 నాటి స్కోరు పలక ఉంది. ఇప్పటికీ మనుషులే లోపల కూర్చుని అంకెల రేకులను చేతితో మారుస్తారు. లోపల మరుగుదొడ్డి లేదట, పాపం. ఆ పలక మీద నిలువుగా ఉన్న తెల్లని గీతల్లో చుక్కలు, అడ్డగీతలు కనిపిస్తాయి. తంతి ఆఫీసులో పనిచేసిన మన పాతవారు ఎవరైనా వెళితే వెంటనే గుర్తుపడతారు. అది మోర్స్ లిపి. జట్టును 1933లో కొన్న టామ్ యాకీ, ఆయన భార్య జీన్ యాకీ పేర్ల పొడి అక్షరాలు అవి.

కుడివైపు మూల పసుపు స్తంభం 302 అడుగుల దూరంలోనే ఉంది. జానీ పెస్కీ అనే ఆటగాడి పేరున దానిని పెస్కీ స్తంభం అంటారు. తమాషా ఏమంటే, ఆయన జీవితమంతా కొట్టిన హోం రన్‌లు 17, అందులో ఈ మైదానంలో కొట్టినవి 6 మాత్రమే. కుడివైపు వెనుక వరుసల్లో పచ్చని కుర్చీల మధ్య ఒక్క ఎర్రకుర్చీ ఉంది. 1946 జూన్ 9న టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి 502 అడుగులు పోయి, అక్కడ కూర్చున్న ఒక పెద్దమనిషి గడ్డిటోపీ మీద పడి చిల్లు పెట్టింది. ఫెన్‌వేలో అంత దూరం కొట్టినది అదేనని లెక్క. ఎనిమిదవ ఇన్నింగ్సు నడుమ జనమంతా కలిసి నీల్ డైమండ్ పాడిన ‘స్వీట్ కెరొలైన్’ అందుకుంటారు. పల్లవి మనకు రాకపోయినా లేచి నిలబడితే చాలు.

ఇక ప్రయాణం సంగతి. కారు నిలిపే స్థలం ఖరీదు. గ్రీన్ లైన్ రైలులో కెన్‌మోర్ స్టేషను దగ్గర దిగితే కొద్ది నిమిషాల నడక. కప్పు కింద ఉన్న నీలిరంగు చెక్క కుర్చీలు చాలా పాతవి, ఇరుకు. మోకాళ్ళ నొప్పులవారు వరుస చివరి కుర్చీ అడగడం మంచిది. కప్పును మోసే స్తంభాలు కొన్ని సీట్లకు అడ్డు వస్తాయి. చవకగా వచ్చిందని కొని, మూడు గంటలు స్తంభాన్ని చూచి రాకండి. కొనేముందే అడ్డు ఉన్నదా అని పిల్లలచేత కనుక్కోండి. కుడివైపు కప్పులేని వరుసల్లో సాయంత్రపు ఎండ కళ్ళలో పడుతుంది. ఏప్రిల్‌లో అయితే రాత్రి చలి, కనుక శాలువా ఉంచుకోవాలి. పెద్ద సంచులు లోపలికి రానీయరు. అక్కడ పేరుపొందిన ‘ఫెన్‌వే ఫ్రాంక్’ మాంసపు వంటకం, శాకాహారులకు వేరుసెనగకాయలు, పేలాలు, ఐస్‌క్రీము దిక్కు. ఆట వద్దనుకునేవారు గైడు వెంట మైదానం మాత్రం చూచి రావచ్చును. గంట పని.

ఈ మైదానం కూడా పోవలసినదే. 1999లో జట్టు యజమానులు పక్కనే కొత్తది కడతామన్నారు. ఊరివారు కొందరు సంఘంగా ఏర్పడి పాతదే బాగుచేయవచ్చునని వాదించారు. 2002లో జట్టును కొన్న కొత్త యజమానులు ఆ మాట విన్నారు. ఏటా చలికాలంలో కొంత కొంతగా పదేళ్ళపాటు మరమ్మతు చేశారు. 2003లో ఆ పచ్చగోడ నెత్తిమీదనే సీట్లు వేశారు. 2004లో, 86 ఏళ్ళ తరువాత, జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. పాత ఇల్లు అచ్చిరాదని కూలగొట్టించే వాస్తు పండితులకు ఈ సంగతి చెప్పవలసిందే.

అయితే పాత చోటంటే అన్నీ గర్వపడే సంగతులే ఉండవు. 1945 ఏప్రిల్ 16న జాకీ రాబిన్సన్‌తో పాటు మరి ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళను పరీక్షించడానికి ఇదే మైదానానికి పిలిచారు. ఆడించి చూచి పంపివేశారు. ఒక్కరినీ తీసుకోలేదు. రెండేళ్ళకు రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో చేరి దేశంలోనే పేరుగాంచాడు. రెడ్ సాక్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ దిగినది 1959లో. అప్పటి పదహారు జట్లలో ఆఖరున తలుపు తెరిచినది ఇదే. ఆ కాలమంతా యజమాని టామ్ యాకీయే. ఆయన పోయిన తరువాత 1977లో మైదానం పక్క వీధికి ఆయన పేరు పెట్టారు. ఇప్పటి యజమానులే కోరిన మీదట 2018లో ఆ పేరు తీసి, పూర్వపు జెర్సీ వీధి పేరే మళ్ళీ పెట్టారు. స్కోరు పలక మీది చుక్కలు, గీతలు మాత్రం చెరపలేదు. పిల్లలకు రెండూ చూపించి, సంగతి దాచకుండా చెప్పండి. పరాయి ఊళ్ళో తలుపు దగ్గర నిలబడడం ఏమిటో మన తాతలకు కొంత తెలుసు కాబట్టి, మనకు ఇది వెంటనే అర్థమవుతుంది.

చివరగా మన తెలుగువారికి దగ్గరి విషయం ఒకటి. 1953 నుంచి రెడ్ సాక్స్‌వారు ‘జిమ్మీ ఫండ్’ అనే నిధికి అండగా ఉన్నారు. క్యాన్సరు వచ్చిన పిల్లల వైద్యానికి, పరిశోధనకు ఆ నిధి. 1948లో ఆసుపత్రి మంచం మీద ఉన్న ఒక పిల్లవాడికి జిమ్మీ అని మారుపేరు పెట్టి, రేడియోలో అతని మాట వినిపించి విరాళాలు అడిగారు. అప్పుడు తోడు నిలిచినది ఆ ఊరి మరొక జట్టు, బ్రేవ్స్. ఆ జట్టు 1953లో ఊరు విడిచిపోతే ఆ బాధ్యత రెడ్ సాక్స్ తీసుకున్నది. ఎర్రకుర్చీ టెడ్ విలియమ్స్ పత్రికలవారికి తెలియకుండా ఆ పిల్లలను చూడబోయేవాడు. ఆ జిమ్మీ చనిపోయి ఉంటాడనే అందరూ అనుకున్నారు. పెద్దవాడై, సంసారియై బతికే ఉన్నాడని 1998లో లోకానికి తెలిసింది.

ఆ నిధి వెనుక ఉన్న వైద్యుడు సిడ్నీ ఫార్బర్. 1947–48లో ఆయన రక్త క్యాన్సరు పిల్లలకు అమినాప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశాడు. పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కు తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. ఆ అమినాప్టెరిన్‌ను తయారుచేసి పంపినది లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1920లలో బోస్టన్ చేరి హార్వర్డు వైద్య కళాశాలలో 1940 దాకా పనిచేసిన ఆ మహనీయుడు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు.

ఫెన్‌వే దగ్గర నుంచి బ్రూక్‌లైన్ ఎవెన్యూ వెంట ఇరవై నిమిషాలు నడిస్తే ఫార్బర్ పేరున్న క్యాన్సరు ఆసుపత్రి, ఆ దాపునే సుబ్బారావుగారు పనిచేసిన వైద్య కళాశాల ఉన్నాయి. కాళ్ళలో ఓపిక ఉన్నవారు ఆట మొదలుకాకముందే, మధ్యాహ్నం పూట, పిల్లలను వెంటబెట్టుకుని అటు కూడా వెళ్ళి రండి. అక్కడ పుట్టి పెరిగిన మనుమలకు రెడ్ సాక్స్ ఆటగాళ్ళ పేర్లన్నీ వచ్చు. సుబ్బారావుగారి పేరు చెప్పవలసినవారు తాతా, అమ్మమ్మే.