ఆసుపత్రిలో చేర్చని జబ్బుకు ఆసరా కరవు

పేదల ఆరోగ్య రక్షణ అనగానే ప్రభుత్వాలు ముందుగా చూపించేది బీమా పథకాలనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, కేంద్రం 2018 సెప్టెంబరులో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి ఖర్చును భరించేవే. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు కేంద్ర పథకం హామీ ఇస్తోంది. అయితే ప్రాణం తీయకుండా, ఆసుపత్రి మంచం ఎక్కించకుండా ఏళ్ల తరబడి వేధించే జబ్బులకు ఈ ఏర్పాటులో చోటు స్వల్పం. దీర్ఘకాలిక తల తిరుగుడు అటువంటిదే.

ఈ రోగి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. పక్కకు ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరుగుతుంది. పరంజా ఎక్కే తాపీ మేస్త్రికి, ఆటో నడిపే వ్యక్తికి ఆ పూట కూలి పోయినట్లే. వృద్ధులు తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే శస్త్రచికిత్సకు పథకం వర్తిస్తుంది. పడకుండా ఆపే చికిత్సకు మాత్రం సొంత డబ్బే దిక్కు!

ఈ జబ్బుకు మన వైద్యులు విరివిగా రాసే మందు బీటాహిస్టిన్. రోజుకు మూడు మాత్రల చొప్పున నెలకు 90 కావాలి. దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుంచి పెట్టే వాటా 2014-15లో 62.6 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. నెలనెలా మందుల దుకాణానికి వెళ్లే రోగికి ఈ తగ్గుదల అంతగా తెలిసి రాదు.

చౌక మందు లేక కాదు. 2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలు 2025 నాటికి 15 వేలు దాటాయి. వాటిలో బీటాహిస్టిన్ కూడా బ్రాండు మాత్రల కంటే తక్కువ ధరకు అమ్ముతారు. చిక్కంతా మందుల చీటీలోనే ఉంది. వైద్యుడు బ్రాండు పేరు రాస్తే, అదే రసాయనం గల మరో మాత్రను తనంతట తాను మార్చి ఇచ్చే అధికారం ఔషధ నిబంధనల ప్రకారం దుకాణదారుకు లేదు. వైద్యులు జనరిక్ పేర్లే రాయాలంటూ జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలు వైద్య సంఘాల వ్యతిరేకతతో అదే నెలలో నిలిచిపోయాయి. నాసిరకం మందుల బెడద ఉందన్న వైద్యుల వాదనను కొట్టిపారేయలేము. కానీ నాణ్యత తనిఖీ ప్రభుత్వ బాధ్యత. ఆ లోపానికి రోగి చేత జరిమానా కట్టించడం న్యాయమనిపించుకోదు.

ఇంతకీ అందరికీ ఆ మాత్రలు అవసరమా అన్నది మరో ప్రశ్న. బీటాహిస్టిన్‌ను ముఖ్యంగా వాడే మెనియర్ వ్యాధిపై జర్మనీలో 221 మంది రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. తొమ్మిది నెలల చికిత్సలో ఈ మందుకూ, ఉత్తుత్తి మాత్రకూ తేడా కనిపించలేదు. ఉపశమనం కోసం ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్ వంటివి కొద్ది రోజులకే పరిమితం కావాలి. ఏళ్ల తరబడి మింగితే చేతులు వణకడం, నడక మందగించడం వంటి కొత్త బాధలు తలెత్తవచ్చు. పాత చీటీతోనే మందు కొనుక్కునే అలవాటున్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

పైగా తల తిరుగుడుకు తరచుగా కనిపించే ఒక కారణానికి మాత్రలతో పనే లేదు. లోపలి చెవిలోని సన్నని కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి అర్ధవృత్తాకార నాళాలలోకి చేరినప్పుడు, రోగి తలను ఒక వరుసలో తిప్పి వాటిని వెనక్కు పంపవచ్చు. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన ఈ పద్ధతికి కొద్ది నిమిషాలు చాలు. మెడ ఎముకల జబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్త అవసరం; కొందరికి మళ్లీ చేయవలసి వస్తుంది.

బయటి రోగులకు ఉచితంగా మందులిచ్చే పనిని తమిళనాడు 1994లో ఏర్పాటైన వైద్య సేవల సంస్థ ద్వారా, రాజస్థాన్ 2011 అక్టోబరు నుంచి గట్టిగా చేపట్టాయి. ఆ బాటలో సాగే రాష్ట్రాలు మాత్రలతో పాటు ఈ ప్రక్రియను కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చవచ్చు. అందుకు కొనవలసిన యంత్రమేదీ లేదు. వైద్యుడికి శిక్షణ, రోగి పడుకోవడానికి ఒక బల్ల ఉంటే సరిపోతుంది.