సరకెరుగని వాణిజ్య విద్య

పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి మన యిండ్లలో తరచుగా ఒక మాట వినవచ్చుచుండును: "మావాడు అంతర్జాతీయ వాణిజ్యము చదువునట." ఆడపిల్లలును ఈ విద్యకు ముందునకు వచ్చుచున్నారు. మాకు మిక్కిలి సంతోషము. చిక్కపేటలోను, అవెన్యూ రోడ్డులోను తరతరములుగా అంగళ్లు నడపిన కుటుంబములకు వర్తకము కొత్త విద్య కాదు.

సముద్రవర్తకమును మనవారికి కొత్త కాదు. క్రీ. శ. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుఫానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారు. ఆయన ఆ దోపిడిని మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకముతో తృప్తిపడెను. చెల్లింపవలసినదేమో ముందుగా తెలిసిననే వర్తకుడు ధైర్యముగా వచ్చును. 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ నియమములకును ఇది యొక ముఖ్యసూత్రమే.

అయినను కోర్సు పేరు చూచి మురిసి రుసుము చెల్లించుట తగదు. లెటర్ ఆఫ్ క్రెడిట్‌పై సొమ్ము చెల్లించు బ్యాంకు సరకును చూడదు, పత్రములను చూచును. అందొక పొరపాటు దొరలినను సొమ్ము నిలిచిపోవచ్చును. ఓడ రసీదు, బీమా, సుంకములు, విదేశీ మారకము చేతపట్టించి నేర్పుదురా యని తల్లిదండ్రులు ముందుగా విచారింపవలెను. 1963లో ఢిల్లీయందు స్థాపితమైన భారత విదేశీ వాణిజ్య సంస్థ 2022లో కాకినాడలోను శాఖ తెరచినది. అట్టిచోటి పాఠ్యక్రమముతో పోల్చి చూచుట మేలు.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మన ధర్మవరపు పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. అందుకాధారమైన 1999 నాటి చట్టము ప్రపంచ వాణిజ్య ఒప్పందము ననుసరించి వచ్చినదే. ఆ చట్టమును కంఠస్థము చేసిన మన బిడ్డ, నేతగాడు తెలుగున వ్రాసిన చీటిని చదువలేకున్న ఏమగును? బేరము దళారి చేతిలో పడును; నేతగానికి కూలియే మిగులును, మన బిడ్డకు పట్టా మిగులును.

కావున మా మనవి యిది. సెలవులలో పిల్లలను అంగడిలో లెక్కల పుస్తకము ముందు కూర్చుండబెట్టుడు. ఇంట తెలుగు చదువను, వ్రాయను నేర్పుడు. మనకు అన్నము పెట్టిన ఈ నగరపు కన్నడమును అలక్ష్యము చేయనీయకుడు. సరకును, దానిని చేసినవానిని ఎరిగిన పిమ్మట పిల్లలు ప్రపంచమున ఏ రేవునకు పోయినను మనకు దిగులుండదు.